నాకు చెప్పని నానో మందు

తల మీద జుట్టు మళ్ళీ అరచేతికి గుచ్చుకునేంత వచ్చింది. వేళ్ళ చివర్లలో తిమ్మిరి ఇంకా పోలేదు గాని, పెన్ను పట్టుకుంటే అక్షరం కుదురుతోంది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. మేముండే జహీరాబాద్‌లో నా గురించి ఒక మాట తిరుగుతోంది. సువర్ణ మొండితనంతో క్యాన్సర్ మందు వద్దని ఇంట్లో కూర్చుందట, చివరికి మొగుడే బతిమాలి తీసుకుపోయాడట. అందులో సగం నిజం. మిగతా సగం నన్ను ఎవరూ అడగలేదు.

ఎండాకాలం

మొగుడంపల్లి దగ్గర మాకు కొంచెం భూమి ఉంది. ఎక్కువ భాగం అల్లం, ఒక పక్క చెరుకు. వ్యవసాయం నేనే చూసుకుంటాను. మా ఆయన బస్వరాజ్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు, సెలవు రోజున పొలానికి వస్తాడు. ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలినప్పుడు నేను విత్తనపు అల్లం బేరం మీద ఉన్నాను. బేరం అయిపోనీ, దున్నడం అయిపోనీ అని కొన్నాళ్ళు ఊరుకున్నాను. చదివేవాళ్ళలో ఎవరైనా అట్లా ఊరుకుని ఉంటే ఈ కాగితం ఇక్కడే పక్కన పెట్టి దవాఖానకు పోండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

హైదరాబాద్‌లో క్యాన్సర్ దవాఖానలో చేరాం. ముందు మందులతో గడ్డను చిన్నది చేసి, తర్వాత ఆపరేషన్ చేస్తామన్నారు. మొదట ఇచ్చింది ఎర్ర మందు. సీసాలో చూడడానికి రూఅఫ్జా షర్బత్ లాగా ఉంటుంది. మూడు వారాలకోసారి తెల్లారకముందే బీదర్ నుంచి వచ్చే బస్సు ఎక్కడం, చెరుకు లారీల వెనక నత్తలా పోవడం, వెయిటింగ్ హాలులో ఇనుప కుర్చీ మీద కూర్చోవడం. ఆ కుర్చీలు ఎవరు కొన్నారో గాని, వాళ్ళు ఒక్క పూటైనా అందులో కూర్చుని ఉండరు. నడుము ఆనడానికి ఉండదు, తల వాల్చడానికి ఉండదు. నేను చెప్పాను. ఫిర్యాదుల పెట్టె ఉంది అందులో వేయమన్నారు. వేశాను. కుర్చీలు అవే ఉన్నాయి.

ఎర్ర మందు నా జుట్టు తీసుకుపోయింది, నాలుక రుచి తీసుకుపోయింది. అన్నిటికంటే విచిత్రం, నాకు అల్లం వాసన పడకుండా పోయింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ వాసనలో బతికినదాన్ని. విత్తనం ముక్కలు వరండాలో పోస్తే లోపలి గదిలో తలుపు వేసుకుని వాంతి చేసుకున్నాను. ఆ ఏడు అల్లం నాటడం నేను లేకుండానే అయిపోయింది.

కాని గడ్డ మెత్తబడింది. ముందు రాయిలా ఉన్నది, నానిన శనగగింజలా అయింది. రోజూ స్నానం చేసేటప్పుడు తడిమి చూసుకునేదాన్ని. నాకున్న ధైర్యమంతా అదే.

తొలకరి

ఎర్ర మందు వంతు అయిపోయాక రెండో మందు మొదలుపెట్టారు. ఇది నీళ్ళలా తెల్లగా ఉంది. ముందు రోజు మింగమని మాత్రలు ఇచ్చారు, మింగాను. ఆ మాత్రలతో రాత్రంతా కన్ను మూత పడలేదు. పొద్దున సూది పెట్టి చుక్కలు వదిలారు. కాసేపటికే నడుములో ఎవరో గునపం దింపినట్టు నొప్పి. ముఖం భగ్గుమంది. ఊపిరి లోపలికి పోవడం లేదు. చెయ్యి ఎత్తి "సిస్టర్" అన్నాననే అనుకున్నాను, మాట బయటికి వచ్చిందో లేదో తెలియదు. సిస్టర్ పరుగెత్తుకు వచ్చి చుక్కలు ఆపేసింది. ఏదో ఇంజక్షన్ ఇచ్చారు, ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. మెల్లగా ఊపిరి తిరిగి వచ్చింది.

అప్పుడు డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు మంచం దగ్గరికి వచ్చి, నా వైపు కాదు, పక్కనున్నవాళ్ళ వైపు చూసి అన్నాడు: "టెన్షన్ పడింది. ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు ఇట్లనే భయపడుతరు."

నేను భయపడలేదు. ఊపిరి ఆగింది. ఈ రెండింటికీ తేడా ఆయనకు చదువులో చెప్పి ఉండాలి. ఆ మాట నేను మరిచిపోలేదు, మరిచిపోను కూడా.

సాయంత్రం పెద్ద డాక్టరు వచ్చాడు. నా నాడి చూశాడు, కాగితాలు చూశాడు, తర్వాత మా ఆయనను వరండాలోకి పిలిచి మాట్లాడాడు. రోగం నాది, ఊపిరి ఆగింది నాకు, సంగతి చెప్పింది ఆయనకు. గాజు తలుపు వెనక నుంచి ఇద్దరి తలలూ ఊగడం చూస్తూ పడుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగాను.

"ఏమన్నడు?"

"మందు మారుస్తరంట."

"ఏం మందు?"

"మందు గదేనంట. గని నానోదంట. పాలిమర్ల పెట్టి ఎక్కిస్తరంట."

"పాలిమరంటే ఏంది?"

మా ఆయన అబద్ధం చెప్పడం రాని మనిషి. కొంచెం ఆలోచించి చెప్పాడు. "మా ప్లాంటుల పాలిమరంటే ప్లాస్టికే. ట్రాక్టరు మీద మూతలు, టైర్ల మీది ఫెండర్లు గిట్ల వస్తయి సూడు, గవే."

"నా నరాలల్ల ప్లాస్టిక్ ఎక్కిస్తరా?"

"నాకేం ఎర్క? సార్ గట్ల చెప్పిండు. నేను సరే అన్న."

"నువ్వు సరే అన్నవా? ఎవరి ఒళ్ళని సరే అన్నవ్?"

ముందు సీటులో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

ప్లాస్టిక్ ఒక్కటే అయితే నేను అంత మొండికేసేదాన్ని కాదేమో. 'నానో' అన్న మాట దగ్గర నా మనసు గడియ వేసుకుంది. ఎందుకో చెబుతాను. మా వైపు వ్యవసాయం చేసేవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

అంతకు ముందు వానాకాలం యూరియాకు కటకటగా ఉంది. ఎరువుల దుకాణం ముందు పొద్దున్నుంచి వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చాక సేటు బస్తాతో పాటు ఒక సీసా కౌంటరు మీద పెట్టాడు. నానో ఎరువట. బస్తా కావాలంటే సీసా కూడా తీసుకోవాలట. నేనడిగింది బస్తా, సీసా నాకెందుకన్నాను. సేటు అందరికీ వినబడేటట్టు నవ్వాడు. "చదువుకున్న ఆడామెవు, నానో అంటే గింత తెల్వదా? సైజు చిన్న, పని పెద్ద. జర నేర్చుకో అక్కా." వరుసలో ఉన్న మగవాళ్ళంతా నవ్వారు. ఎవరెవరు నవ్వారో పేర్లతో చెప్పగలను. వ్యవసాయ అధికారికి ఫిర్యాదు ఇచ్చాను, విచారిస్తామన్నారు. ఆ సీసా మంచిదో చెడ్డదో ఈ రోజుకూ నాకు తెలియదు, ఎందుకంటే నేను మూత తీయలేదు. బావి దగ్గరి కొట్టంలో అట్లాగే ఉంది.

కాబట్టి నాకు నానో అంటే ఒక్కటే అర్థం: అడిగింది ఇవ్వకుండా, అడగనిది అంటగట్టి, పైగా నీకేం తెలుసని నవ్వడం. దవాఖానలో కూడా ఇదే మొదలైందనుకున్నాను. వచ్చే వారం రమ్మన్నారు. నేను పోలేదు.

ఆ తర్వాతి వారం కూడా పోలేదు.

మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి టిఫిన్ డబ్బా గట్టిగా కింద పెట్టేవాడు. ఆయన కోపం అంతే. ఒకరోజు మాత్రం అన్నాడు: "నీకు సేటు మీద కోపముంటే సేటు మీద తీయి. నీ పానం మీద తీస్తవేంది?"

మంచి మాట అన్నప్పుడు వెంటనే ఒప్పుకునే అలవాటు మా ఇంట్లో లేదు.

చిరాగ్‌పల్లి నుంచి మా వదిన శాంతమ్మ వచ్చింది, మా ఆయన అక్క. వచ్చిన పూటే నా మంచినీళ్ళ గ్లాసు తీసి వేరే గూట్లో పెట్టింది. ఇది అంటుకునే జబ్బు కాదని ఆమెకు ఎవరైనా చెప్పారో లేదో. నేనైతే చెప్పలేదు. సాయంత్రం నా మంచం పక్కన కూర్చుని అంది:

"పోకపోతే మంచిదైంది సువర్ణా. ప్లాస్టిక్ ఎక్కిస్తే మనిషి లోపల్నే గట్టిపడిపోతదంట. మా గల్లీల చెప్పిన్రు. బార్డర్ అవతల బీదర్ దిక్కు ఒకాయన పసరు పోస్తడు. గడ్డ వారంల కరుగుతదంట."

"నీ గల్లీల ఎవరు చెప్పిన్రు వదినా? ఎవరికి ఎక్కిచ్చిన్రు, ఎవరు గట్టిపడ్డరు?"

"గవన్నీ నాకేం ఎర్క? అందరు అంటున్నరు."

నాకు చిక్కు వచ్చి పడింది. నేను మనసులో అనుకుంటున్న మాటే మా వదిన నోటి నుంచి వింటే అది ఎంత పనికిరాని మాటో తెలిసింది. ఆమె పక్షాన ఉండడం నాకు ఇష్టం లేదు. ఇరవై ఏళ్ళుగా ఏ విషయంలోనూ లేను.

మర్నాడు స్నానం చేస్తూ గడ్డ తడిమాను. శనగగింజ లేదు. రేగు గింజంత గట్టిగా తగిలింది. మళ్ళీ తడిమాను. చెయ్యి మార్చి తడిమాను. నీళ్ళు చల్లారిపోయేదాకా ఆ పీట మీదే కూర్చున్నాను. బయట వాన మొదలైంది. అల్లం మొలకలు ఈపాటికి పైకి వచ్చి ఉంటాయి, నేను చూడనేలేదు అనుకున్నాను. ఈ పంట తవ్వేనాటికి నేనుంటానా అన్న మాట అప్పుడే మొదటిసారి వచ్చింది.

బయటికి వచ్చి మా ఆయనతో అన్నాను. "రేపు హైదరాబాద్ పోదాం."

"మందుకా?"

"మందుకు కాదు. ఆ సార్‌ను అడిగేది ఉంది."

గడ్డ సంగతి చెప్పలేదు. ఆయన ఫ్యాక్టరీకి ఫోన్ చేసి సెలవు పెట్టాడు.

వానలు

వెయిటింగ్ హాలులో నా పక్కన బీదర్ నుంచి వచ్చిన ఒకామె కూర్చుంది. నల్ల బుర్ఖా, చేతిలో చిన్న స్టీలు డబ్బా. నా ముఖం చూసి "నోట్ల చేదుందా?" అంది. ఔనన్నాను. డబ్బా తీసి ఒక ముక్క నా చేతిలో పెట్టింది. "అల్లం మురబ్బా. చక్కెర పాకంల నేనే పెట్టిన. చప్పరించు, వాంతి ఆగుతది."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "అక్కా, నేను పండిచ్చేదే అల్లం. ఇప్పుడు వాసన సూస్తేనే పడతలేదు."

"అట్లనా!" అని ఆమె గట్టిగా నవ్వింది. "ఐతే నీ పంట నేనే తింట, నువ్వు ఫికర్ చెయ్యకు." డబ్బా మూసి, చేతిసంచిలోంచి రెండు ఖర్జూరాలు తీసి ఇచ్చింది. ఆమె పేరు అడగాలన్న తెలివి నాకు రాలేదు. లోపలికి పిలిచారు.

పెద్ద డాక్టరు ముందు అలవాటు ప్రకారం మా ఆయన వైపే చూశాడు. "ఇన్ని రోజులు ఏం చేసిన్రు? రమ్మన్నప్పుడు రావాలె గద."

మా ఆయన నోరు తెరవబోయాడు. నేను ఆపాను. "రోగం నాది సార్. నాతోని మాట్లాడున్రి. ఆ రోజు నాకు చెప్తే ఆ రోజే వస్తుంటి. నాకు చెప్పకుండ వరండాల ఆయనకు చెప్పిన్రు. ఆయన నానో, పాలిమర్ అని రెండు మాటలు తెచ్చి నా మీద ఏసిండు."

డాక్టరు మా ఆయనను చూశాడు. మా ఆయన పైన ఫ్యాను వైపు చూశాడు. డాక్టరు కుర్చీ నా వైపు జరుపుకున్నాడు. ఇది నేను ఆయన ఖాతాలో మంచి పని కిందే రాసుకున్నాను.

"ఏం పని చేస్తరమ్మా?"

"అల్లం పెడుత."

"వేపనూనె కొడతరా?"

"కొడుత. దానికీ దీనికీ ఏంది?"

"ఉత్త నీళ్ళల్ల కలుస్తదా?"

"ఎట్ల కలుస్తది? పైన తేలుతది. సబ్బు పొడి కలపాలె."

"ఎప్పుడన్న ఆకు మాడిందా?"

మాడింది. ఒక ఏడు పనివాళ్ళు సబ్బు ఎక్కువ వేసి ఎండలో కొడితే ఆకుల అంచులన్నీ కాలినట్టయ్యాయి. నేను వేపనూనె అమ్మినవాడితో తగవు పెట్టుకున్నాను, తర్వాత తెలిసింది సబ్బుదని.

డాక్టరు చెప్పాడు. నాకు ఇవ్వవలసిన మందు కూడా నీళ్ళలో కలవదట. అందుకే ఆముదం నుంచి తయారు చేసిన ఒక జిడ్డు ద్రవంలో కరిగించి ఇస్తారట. చాలామందికి ఏమీ కాదు. సబ్బు ఆకుకు పడనట్టే, కొందరి ఒంటికి ఆ జిడ్డు పడదు. ఆ రోజు నాకు ఊపిరి ఆగింది చాలావరకు అందువల్లేనని ఆయన అనుమానం. నానో మందులో అదే మందును పాలిమర్‌తో చేసిన చాలా చిన్న రేణువుల్లో పొదిగి పెడతారు. రేణువులు నీళ్ళలో కలుస్తాయి కాబట్టి ఆముదం జిడ్డుతో పని లేదు.

"ప్లాస్టిక్ కాదా మరి?"

"పాలిమరంటే పొడుగు గొలుసు అనుకోండ్రి. ప్లాస్టిక్ ఒక రకం గొలుసు. పత్తి పోగు ఒక రకం. మీ అన్నంల గంజి కూడ ఒక రకమే. మందు మోసేందుకు ఒంటికి పడే రకం తీసుకుంటరు. మోసే పని అయినంక ఒళ్ళు దాన్ని బయటికి పంపిస్తది."

"నానో అంటే?"

"చిన్నది. అంతే. దాంట్ల ఇంకేం లేదు." తర్వాత కొంచెం ఆగి అన్నాడు, "గడ్డ తొందర తొందరగ పెరుగుతది గద, దాని రక్తనాళాల గోడలు సరిగ్గ కట్టినట్టుండవు, సందులుంటయి. గింత చిన్న రేణువులైతే ఆ సందులల్లకెల్లి కొన్ని గడ్డలకు దూరుతయని అనుకుంటున్నరు. అందరిల ఒకే తీరు పని చేస్తదని మాత్రం చెప్పలేను."

"మళ్ళ ఊపిరి ఆగదని రాసిస్తరా?"

"రాసియ్యను. గట్ల వచ్చేది తక్కువ. అసలే రాదని చెప్తే అబద్ధమైతది. మొదటిసారి నేను పక్కనే ఉంట."

రాసిస్తానంటే నేను లేచి వచ్చేసేదాన్ని. సేటు కూడా అన్నీ ఖాయంగానే చెప్పాడు. ఈయన తెలియనిది తెలియదన్నాడు. నేను బొత్తాలు విప్పి గడ్డ చూపించాను. డాక్టరు తడిమి చూశాడు. మా ఆయన ముఖం అప్పుడు నేను చూడకుండా ఉంటే బాగుండేది. ఆయనకు ఆ సంగతి అంతవరకు తెలియదు.

"ఇంకో మాట సార్," అన్నాను. "నేను భయపడ్డనని మీ చిన్న డాక్టర్ అన్నడు."

"అది భయం కాదమ్మా. రియాక్షన్."

"ఆ మాట ఆయన ముందట అనాలె."

నవ్వాడు. అనలేదు. అది ఇంకా బాకీ ఉంది.

మర్నాడు నానో మందు పెట్టారు. ఆ పూట ఎట్లా గడిచిందో రాయడం కష్టం. చుక్క పడడం చూస్తాను, లోపల ఎక్కడైనా మొదలైందా అని వెతుక్కుంటాను. నడుము అదిరిందా? ముఖం వేడెక్కిందా? సిస్టర్ స్టూలు లాక్కుని నా మంచం పక్కనే కూర్చుంది. ఊరికే కూర్చోకుండా మీ జహీరాబాద్‌లో చెరుకు రసం బాగుంటదట కదా, అల్లం వేస్తారా, నిమ్మకాయ వేస్తారా అని అడుగుతూ ఉంది. నాకు జవాబు చెప్పే ఓపిక లేదని ఆమెకు తెలుసు. జవాబు చెప్పాలంటే ఊపిరి కావాలి, అది ఉందో లేదో కనిపెడుతోందని నాకు తర్వాత అర్థమైంది. పెద్ద డాక్టరు చెప్పినట్టే వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. మా ఆయన నా పాదం పట్టుకుని కూర్చున్నాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన నా పాదం పట్టుకోవడం అదే మొదలు.

ఏమీ కాలేదు. సీసా ఖాళీ అయింది. అంత సులువుగా అయిపోయిందంటే నాకు నమ్మకం కలగలేదు, కోపం వచ్చింది. రెండు మాటలు నాకు తిన్నగా చెప్పి ఉంటే, ఆ గడ్డ మళ్ళీ గట్టిపడే సందు దొరికేది కాదు.

కాని ఇది హాయి మందు అని ఎవరూ అనుకోవద్దు. కొత్త మందు అంటే బాధ లేని మందు కాదు. ఊపిరి ఆగలేదు, జిడ్డు లేదు కాబట్టి కన్ను మూత పడనివ్వని ఆ మాత్రలు తప్పాయి, అంతవరకే. కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కాయి. చెప్పు జారిపోతే తెలిసేది కాదు. గిన్నె వేడిగా ఉందో చల్లగా ఉందో తెలియక చెయ్యి కాల్చుకున్నాను. మంచం మీంచి లేచి గుమ్మం దాకా పోతే పొలం దున్ని వచ్చినంత అలసట. మనుషులు పలకరించడానికి వస్తే వాళ్ళ మాట సగంలో ఉండగానే కళ్ళు మూతలు పడేవి. బస్సు, ఇనుప కుర్చీ, సూది, మళ్ళీ బస్సు. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలని అప్పుడు తెలిసింది.

అల్లానికి మట్టి ఎగదోసే సమయం వచ్చింది. చూసేవాళ్ళు లేరు. మా వదిన శాంతమ్మ చిరాగ్‌పల్లి నుంచి రోజూ బస్సులో వచ్చి, కూలీలను పెట్టుకుని, తానూ వంగి, మొత్తం చేలో మట్టి ఎగదోయించింది. నన్ను అడగలేదు, చేశానని చెప్పలేదు. సాయంత్రం మా ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, టీ తాగి పోయేది. నా గ్లాసు మాత్రం వేరే గూట్లోనే పెట్టేది. రెండూ ఆమే చేసింది. ఒకదాన్ని పట్టుకుని ఇంకోదాన్ని కొట్టేయడం నాకు చేతకాదు.

దసరా తర్వాత

ఆపరేషన్ అయింది. నొప్పి సంగతి రాయను, అందరికీ ఉండేదే. తీసిన కండను పరీక్షకు పంపారు. ఆ కాగితం వచ్చేదాకా ఉన్న రోజులే అన్నిటికంటే పొడుగు. ఇంట్లో టీవీ పెట్టుకున్నా ఎవరూ చూడలేదు. మా ఆయన ఫ్యాక్టరీలో ఒక బోల్టు బిగించడం మరిచి మాట పడ్డాడు. వచ్చి నాకు చెప్పాడు. మామూలుగా అయితే చెప్పడు.

డాక్టరు గదిలోకి పోగానే మా ఆయన గోడ దగ్గర కుర్చీలో, వెనగ్గా కూర్చున్నాడు. డాక్టరు కాగితం నా ముందు పెట్టాడు.

"తీసిన దాంట్ల బతికున్న జబ్బు ఎక్కడ కనపడలేదు సువర్ణమ్మా. మందు మంచిగ పని చేసింది. ఇంక కరెంటు పెడతం, గదే రేడియేషన్, మాత్రలుంటయి, చూసుకుంట పోవాలె. పూర్తిగ పోయిందని ఇప్పుడే అనను."

వెనక నుంచి మా ఆయన ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. నేను ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు. అలసట ఒక్కటే, నేను మోస్తున్న మూటను ఎవరో కిందికి దించినా భుజం ఇంకా నొప్పి పెడుతున్నట్టు. ఆ అలసటలోంచి వచ్చింది ఒకే ఒక్క మాట.

"మరి ఈ మందే మొదటిసారి ఎందుకియ్యలేదు సార్?"

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అందరికీ అవసరం పడదమ్మా. ఎక్కువమందికి మామూలుదే సరిపోతది. మీకు పడదని ముందే ఎట్ల తెలుస్తది?"

ఆ జవాబు నాకు సరిపోలేదు. పడదని ముందే తెలియదు, సరే. పడకపోవచ్చని, పడకపోతే ఇంకో దారి ఉందని, ముందు రోజే నాకు చెప్పడానికి ఏమడ్డం? అదీ అడిగాను. బయట చాలామంది ఎదురుచూస్తున్నారమ్మా అన్నాడు. అదీ నిజమే. ఇనుప కుర్చీలన్నీ నిండి ఉన్నాయి.

కరెంటు పెట్టడం కూడా అయిపోయింది. ఇప్పుడు మొగుడంపల్లిలో అల్లం తవ్వుతున్నారు. తవ్విన వాసన గాలికి వస్తే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది, ముక్కుకు గుడ్డ కట్టుకుని గట్టు మీద కూర్చుని చూస్తున్నాను. ఎండలో ఎక్కువసేపు ఉండలేను. మధ్యాహ్నానికే పడుకుంటాను.

డాక్టరు మూడు నెలలకు మళ్ళీ రమ్మన్నాడు. పోయి, ముందే నాకెందుకు చెప్పలేదన్న ఆ మాటే మళ్ళీ అడుగుతాను. జవాబు సరిపోకపోతే ఆ తర్వాతి మూడు నెలలకు అడుగుతాను.